బొటనవేలి కొసరు

ఆపరేషన్ థియేటర్లలో కొత్తగా చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు బరంపురం లంజిపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరయిన సిస్టర్ కదా, నాలుగు మాటలు చెబుతుందని వాళ్ళ ఆశ. వాళ్ళు కూర్చుని టీ తాగుతారు. నేను మాత్రం వంటింటికీ వరండాకీ మధ్య తిరుగుతూనే మాట్లాడతాను. "మీరూ కూర్చోండి ఆంటీ" అంటారు. ముప్పై నాలుగేళ్ళు నిలబడి చేసిన ఉద్యోగం, కాళ్ళు కూర్చోవడం మరిచిపోయాయి అని నవ్వేస్తాను. అది సగమే నిజం. మిగతా సగానికి కారణం అయిదు సెంటీమీటర్లు ఉండవలసిన ఒక నూలు టేపు ముక్క. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి నోటితో చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా నాన్న కొట్టు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన తప్పు మీకు తలాతోకా లేనిదిగా కనిపిస్తుంది.

బరంపురంలో మా నాన్నకి బట్టల కొట్టు ఉండేది. తాతల నాటి నుంచీ అదే వ్యాపారం. ముగ్గురు ఆడపిల్లల తర్వాత ఎప్పటికో తమ్ముడు పుట్టాడు కాబట్టి, వాడు ఎదిగేదాకా బడి వదిలాక కొట్లో సాయానికి నేనే కూర్చునేదాన్ని. జాకెట్టు ముక్కలు, లంగా గుడ్డలు కోయడం నా పని. కోయడానికి ఒక పద్ధతి ఉంది. ఇనప మీటరు బద్ద చివరికి గుడ్డ వచ్చాక, ఆ చివర ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టాలి. కత్తెర వేలికి ఇవతల పెట్టకూడదు, అవతల పెట్టాలి. ఆ వేలి వెడల్పు గుడ్డ కొనేవాళ్ళకి కొసరు. అడక్కుండానే ఇవ్వాలి. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళ కళ్ళు బద్ద మీద కాదు, ఆ వేలి మీదే ఉండేవి.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు ఒకసారి వేలికి ఇవతల కోసేశాను. కొన్నావిడ ఏమీ అనలేదు. ఆవిడ మెట్లు దిగగానే నాన్న అదే బద్దతో నా వేళ్ళ మీద ఒకటి తగిలించారు.

"కొలతకి కొలతే కోసి సేతులో ఎడితే, మనం యాపారస్తులం అవుతామేటే? దొంగతనం సేసినట్టే ఉంటాది" అన్నారు.

ఆ దెబ్బ తర్వాత నా కత్తెర ఎప్పుడూ వేలికి ఇవతల పడలేదు. నర్సింగులో చేరతానన్నప్పుడు ఇంట్లో పెద్ద గొడవయింది, మన ఇళ్ళల్లో ఆడపిల్లలు రోగుల దగ్గర ఊడిగం చేస్తారా అని. నాన్న మాత్రం నోరెత్తలేదు. నేను బయల్దేరే ముందు రోజు యూనిఫారానికి తెల్లగుడ్డ ఆయనే కోసి ఇచ్చారు. అప్పుడు బొటనవేలికి బదులు అరచెయ్యి మొత్తం పెట్టి కోశారు. ఆ గుడ్డ కుట్టిన దర్జీ, మిగిలిన ముక్కతో ఇంకో టోపీ కుట్టొచ్చమ్మా అన్నాడు.

ఇక పని సంగతి. ఊరిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో థియేటర్ సిస్టర్‌గా ఉండేదాన్ని. ఆపరేషన్ చేసే డాక్టరు పక్కన నిలబడి అడిగిన పనిముట్టు అందించడం నా పని. మొదట్లో అన్నీ పెద్ద కోత ఆపరేషన్లే. తర్వాత ఒక సర్జన్ వచ్చారు. పొట్టకి మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాస్‌తో పొట్టని ఉబ్బించి, లోపలికి సన్నటి కెమెరా గొట్టం పంపి, టీవీ చూస్తూ ఆపరేషన్ చేయడం ఆయన నేర్చుకుని వచ్చారు. ఆయన ఒడియా మనిషి, నాతో ఒడియాలోనే మాట్లాడేవారు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఆయన నన్ను పిలిచిన 'దీదీ' మాత్రం ఆయన మాటే.

టీవీ చూసి చేసే ఆపరేషన్‌లో పెద్ద చిక్కు ఏమిటంటే, అందులో కనిపించేదాని సైజు నమ్మడానికి లేదు. కెమెరా దగ్గరకి జరిగితే పెసరగింజ కూడా చింతగింజ అవుతుంది, వెనక్కి వస్తే అరచెయ్యంత రంధ్రం రూపాయి బిళ్ళ అవుతుంది. పైగా ఉబ్బిన పొట్ట లోపలి గోడ బల్లపరుపుగా ఉండదు, గుమ్మటంలా వంపు తిరిగి ఉంటుంది. గట్టి స్కేలు దాని మీద ఆనదు. అందుకని సర్ ఒక పద్ధతి పెట్టారు. నూలు టేపుని కచ్చితంగా అయిదు సెంటీమీటర్లకి కోసి, గొట్టంలోంచి లోపలికి పంపించి, ఆ గోడ వంపు మీద పరిచి, ఎన్ని టేపులు పట్టిందో లెక్కపెట్టేవారు. ఒక టేపంటే అయిదు, రెండు టేపులంటే పది. ఆ లెక్కని బట్టే అన్నీ నిర్ణయమయ్యేవి.

టేపు కోసేది నేను. స్టీలు స్కేలు పక్కన టేపు పరిచి, అయిదు గీత దగ్గర వేలితో నొక్కి, కత్తెర వేయడం. రెండు క్షణాల పని. నా చెయ్యి చూసి అందరూ ముచ్చటపడేవారు. నేనూ ముచ్చటపడేదాన్ని, లేదని అబద్ధం ఎందుకు ఆడాలి. మిగతా సిస్టర్లు టేపు కోస్తే సర్ ఒకసారి స్కేలు మీద పెట్టి చూసేవారు. నేను కోస్తే చూసేవారు కాదు. ఆ చూడకపోవడమే నాకు బంగారు పతకంలా ఉండేది.

నా రిటైర్మెంటుకి నాలుగు నెలలు ఉందనగా ఆమె వచ్చింది. గోపాలపురం దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరు. తెలుగు మనిషి. యాభై ఏళ్ళుంటాయి. చేపల గంప తల మీద పెట్టుకుని బరంపురం వీధుల్లో అమ్ముతుంది. భర్త పడవ మీదకి వెళ్ళడం మానేశాడు, కొడుకు పని కోసం దూరదేశం హార్బరులో ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆ గంప మీదే. ఎప్పుడో గర్భసంచి తీసిన కోత దగ్గర పొట్ట గోడ తెరుచుకుని, పేగు బయటికి ఉబుకుతోంది. గంప ఎత్తినప్పుడల్లా కొబ్బరికాయంత గడ్డ పైకి లేచేది. ఆమె దాన్ని చీర ముడితో నొక్కి కట్టుకుని రెండేళ్ళు తిరిగింది.

"ఇది సేసాక గంప ఎత్తొచ్చా సిస్టరమ్మా? అది సెప్పండి ముందు. ఎత్తకూడదంటే నాకీ ఆపరేసనే ఒద్దు" అంది నన్ను.

"నెలన్నర ఆగితే ఎత్తుకోవచ్చు. ముందు నువ్వు మంచానికెల్లు" అన్నాను.

ఆ ఆపరేషన్‌లో గోడకి పడిన రంధ్రం మీద లోపలి వైపు నుంచి జాలీ పరుస్తారు. సన్నటి వలగుడ్డ అనుకోండి. అది రంధ్రానికి నాలుగు వైపులా అయిదేసి సెంటీమీటర్లు మించి ఉండాలి. పట్టు చాలకపోతే బరువు ఎత్తినప్పుడు అంచు ఊడి వస్తుంది. అందుకే రంధ్రం కొలత అంత ముఖ్యం.

ఆ రోజు నేను టేపు కోసి ఇచ్చాను. సర్ లోపల పరిచారు. ఒక టేపు, ఆ చివర నుంచి మళ్ళీ టేపు. సరిగ్గా రెండు పట్టింది.

"పది" అన్నారు. కెమెరా కాస్త వెనక్కి తీయించి మళ్ళీ చూశారు. "కంటికి ఇంకా పెద్దగా అనిపిస్తోంది. టేపు అయిదేనా దీదీ?"

నాకు చురుక్కుమంది. అన్నేళ్ళలో ఎప్పుడూ అడగని ప్రశ్న.

"ఇరవై ఏళ్ళుగా నేనే కోస్తున్నాను సర్" అన్నాను. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. అయిదే అని కూడా అనలేదు. స్కేలు నా ఎదురుగా, జానెడు దూరంలో ఉంది. టేపు బయటికి తీయించి ఒక్కసారి దాని మీద పెట్టి చూపిస్తే అయిపోయేది.

ఆయన తన కన్ను కంటే నా చేతిని నమ్మారు. ఇరవై సెంటీమీటర్ల జాలీ తెప్పించి పరిచారు. ఆమెని నాలుగో రోజు ఇంటికి పంపించాం, పదో రోజు కుట్లు విప్పించుకోవడానికి రమ్మని.

ఆమె వెళ్ళిన మర్నాడు నాకు సెలవు. మా ఆడపడుచు కూతురికి జాకెట్టు గుడ్డ కావాలంటే తమ్ముడి కొట్టుకి వెళ్ళాను. నాన్న పోయాక కొట్టు వాడే చూస్తున్నాడు. అదే ఇనప బద్ద. గుడ్డ పరిచాడు, చివర బొటనవేలితో నొక్కాడు, కత్తెర అవతల పెట్టాడు. వాడి వేలు అచ్చం నాన్న వేలు, అదే చదును గోరు. ఇంకా నవ్వుకుంటున్నాను. ఇంతలో నా ఎడమచెయ్యి దానంతట అది ఒళ్ళో కదిలింది. బొటనవేలు చీర అంచు మీద నొక్కుకుంది. కుడిచెయ్యి రెండు వేళ్ళు కత్తెరలా దానికి అవతల ఆడాయి.

"ఏటక్కా, అలా అయిపోనావు? మంచినీల్లు తేనా?" అన్నాడు తమ్ముడు.

"ఏటీ లేదు. గుడ్డ కట్టీ" అని లేచిపోయాను. స్కూటరు మీద ఇంటికి వస్తుంటే దారి ఏదీ కనిపించలేదు.

మర్నాడు అందరికంటే ముందు థియేటర్‌కి వెళ్ళాను. టేపు చుట్ట తీశాను. ఏమీ ఆలోచించకుండా, రోజూ కోసినట్టే కోయాలి అనుకున్నాను. కోసి స్కేలు మీద పెట్టాను. ఆరు దాటి రెండు గీతలు. ఇంకోటి కోశాను. ఆరూ రెండు గీతలు. ఎనిమిది ముక్కలు కోశాను. ఎనిమిదీ ఒకటే పొడుగు. నా చెయ్యి అంత నికరం అన్నమాట. కొలత సరిగ్గానే పెట్టేదాన్ని, వేలు గీత మీదే నొక్కేదాన్ని. కత్తెర మాత్రం అవతల పడేది. ఇన్నేళ్ళుగా నేను టేపులకి కొసరు వేస్తున్నాను.

గుడ్డకి కొసరు వేస్తే కొన్నవాళ్ళకి ఎక్కువ దక్కుతుంది. కొలిచే టేపుకి కొసరు వేస్తే, కొలత తక్కువ చూపిస్తుంది. ఆమె పొట్టలోని రంధ్రం పది కాదు, పన్నెండున్నరకి దగ్గర. రెండు టేపులు, రెండు కొసర్లు. నాలుగు వైపులా అయిదు మించి ఉండాల్సిన జాలీ నాలుగు కూడా మించలేదు.

పాత కేసులు తలుచుకున్నాను. చాలావరకు చిన్న రంధ్రాలు, ఒక టేపులో సగం పట్టేవి. వాటికి జాలీలు ఎలాగూ పెద్దవే. ఆ కొసరు వాటిలో కొట్టుకుపోయి ఉంటుంది, అలా అని సమాధానం చెప్పుకున్నాను. కానీ ఆమె రంధ్రం అటూ ఇటూ కాని కొలతలో ఉంది, ఆమె చేసేది గంప ఎత్తే పని.

అయిదు రోజులు నేను మనిషిని కాదు. అన్నం కలిపి చెయ్యి కడిగేసుకునేదాన్ని. తడికి టేపు సాగిందేమో అనుకున్నాను. స్కేలే తప్పేమో అనుకుని ఇంకో స్కేలు తెచ్చి పెట్టి చూశాను. ఇంట్లో ఉంటే ఆసుపత్రికి వెళ్ళిపోవాలనిపించేది, ఆసుపత్రిలో సర్ ఎదురైతే స్టోర్ గదిలోకి దూరిపోయేదాన్ని. స్టోర్ చూసే సిస్టర్ది అస్కా ఊరు, నాతో సమానంగా అక్కడ ముసలైపోయిన మనిషి. మూడో రోజు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చెప్పేశాను.

ఆ సిస్టర్ ఎనిమిది టేపు ముక్కలూ ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఇవి పారేయ్. నాలుగు నెలల్లో ఇంటికెల్లిపోతావు. ఆమెకి ఏటీ కాదు, అయితే అప్పుడు సూద్దాం. ఇప్పుడు సెప్తే ఇన్నేళ్ళ పేరూ ఒక్కరోజులో పోతాది" అంది.

"ఆవిడ గంప ఎత్తుతాదే."

"అందరూ ఎత్తుతారు. ఊరుకో."

ఆ సిస్టర్ నా మీద ప్రేమతోనే చెప్పింది. నాకూ ఆ మాట విని హాయిగానే ఉంది, ఓ గంటసేపు. ముక్కలు మాత్రం పారేయలేకపోయాను. నాప్కిన్‌లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగాను.

పదో రోజు ఉదయం కుట్లు విప్పించుకోవడానికి ఆమె వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. వరండా బెంచీ మీద కూర్చుని పక్కనున్న ఎవరికో ఒడియాలో చెబుతోంది, ఇంకో నెల ఆగితే తన గంప తనకి వచ్చేస్తుందని. నేను ఆమె ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. మూడోసారి నేరుగా సర్ గదిలోకి వెళ్ళి తలుపు మూశాను. నాప్కిన్ విప్పి ఎనిమిది ముక్కలూ బల్ల మీద పెట్టాను.

"అయిదు అని నేను ఇచ్చేవి ఇవి సర్" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశారు. డ్రాయర్‌లోంచి స్కేలు తీశారు. ఒకటి పెట్టారు, రెండోది పెట్టారు, మిగతావి చేత్తో పక్కకి నెట్టేశారు. నేను కొట్టు సంగతి, వేలి సంగతి, కొసరు సంగతి చెప్పాను. ఆయన కంప్యూటర్లో ఆమె ఆపరేషన్ వీడియో తెరిచారు. నా టేపు రెండుసార్లు పడింది. కాగితం మీద ఏదో లెక్క వేసుకున్నారు.

"ఎప్పుడు తెలిసింది?"

"అయిదు రోజులయింది సర్."

అంతవరకు ఆయన ముఖంలో కోపం లేదు. అప్పుడు వచ్చింది.

"టేపు పొరపాటు దీదీ. నేను కూడా స్కేలు మీద పెట్టి చూడలేదు, నాకూ అందులో వాటా ఉంది. ఈ అయిదు రోజులు మాత్రం పొరపాటు కాదు. ఈలోపల ఆమె బరువు ఎత్తి ఉంటే?"

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆయన అనలేదు, అన్నా కూర్చునేదాన్ని కాదు. కాసేపటికి ఆయనే లేచారు.

"ఆమెకి చెప్పాలి. మీరే చెప్పండి, మీ భాషలో. నేను పక్కన ఉంటాను" అన్నారు.

పిల్లలూ, మీకు మార్కులు వేసే ఏ పరీక్షలోనూ ఇది ఉండదు. మంచం మీద కుట్లు విప్పించుకుని, చీర సర్దుకుంటూ లేవబోతున్న మనిషిని మళ్ళీ కూర్చోబెట్టి, నీ పొట్టలో వేసింది చిన్నదైంది, అది నా వల్లే అని చెప్పడం. ఏ మాటలతో చెప్పానో అంతా గుర్తులేదు. ఆమె మాటలు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

"జాలీ అంటే వలే కదేటి. వల కురసయ్యిందా?"

"అవును."

"నువ్వు కొలిసినావా?"

"నానే కొలిసాను. టేపు పొడుగ్గా కోసీసాను. మా నాన్న కొట్లో గుడ్డకి కొసరేసి కోసీవోళ్ళం. సేతికి ఆ అలవాటే పడిపోనాది."

ఆమె నన్ను పైనుంచి కిందకి చూసింది. సర్ వైపు ఒకసారి చూసి మళ్ళీ నా వైపు తిరిగింది.

"కొసరు నానూ ఏత్తాను, సేపలకి. తూకం అయ్యాక ఒకటో రెండో పైన పడేత్తాను. సేపల్లోన ఏత్తాను గానీ సిస్టరమ్మా, తూకంరాయిలోన ఎయ్యను. రాయిని రాయిలాగే ఉంచాల గదా."

నేను తల ఊపాను. బద్దని బద్దలాగే ఉంచాలని మా నాన్నకీ తెలుసు. ఆయన కొసరు గుడ్డలోనే వేశారు. బద్దకి వేసింది నేను.

సర్ ఒడియాలో చెప్పారు. ఆమెకి ఒడియా బాగా వచ్చు. మూడు నెలలు గంప ముట్టుకోకూడదు, నడుముకి బెల్టు కట్టుకోవాలి, వాపు కనిపిస్తే వెంటనే రావాలి, అవసరమైతే పెద్ద జాలీ వేస్తాను, దానికి నువ్వు ఏమీ ఇచ్చుకోనక్కర్లేదు అని. ఆమె అంతా విని నా వైపే తిరిగింది.

"మూడు నెలలు నా గంప ఎవులు ఎత్తుతారు? నువ్వొచ్చి ఎత్తుతావేటి?"

నేను విప్పిన కుట్ల ట్రే తీసి పక్కన పెట్టాను.

"నాకు కోపమొస్తంది. ఈ డాట్రుబాబు మీద ఎట్టుకోనా అంటే, ఆయన నీ మాట నమ్మినాడు. నీ మీదే ఎట్టుకుంటాను" అని లేచి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, "సెప్పినావు గాబట్టి తెలిసింది. నేకపోతే ఇంకో నెలకి ఎత్తీసీదాన్ని" అంది. అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు. ఇంట్లో ఉండలేక వెళ్ళేదాన్ని. మొదటిసారి ఆమె తలుపు సగమే తీసింది. రెండోసారి పడుకుని పొట్ట చూపించింది. దగ్గమనేదాన్ని, వేళ్ళతో అంచు వెంబడి నొక్కి చూసేదాన్ని. ఆరో ఆదివారం వెళ్ళేసరికి ఎండబెట్టిన చేపల బుట్ట చంకన పెట్టుకుని వస్తోంది.

"ఇది గంప కాదు" అంది నేను నోరు తెరవకముందే. "ఇంట్లో పొయ్యి ఎలగాలి గదా."

మూడు నెలలు ఊరికే కూర్చోమని చెప్పడం చొక్కా నలగని వాళ్ళకి తేలిక. ఎనిమిదో ఆదివారం దగ్గినప్పుడు కింది అంచున నా వేలికి తగిలింది. నిమ్మకాయంత. నేను మళ్ళీ నొక్కి చూశాను. ఆమె నా ముఖం చూసి, "వచ్చిందా" అంది అంతే. నాకు ఏడుపు వచ్చింది, ఆమెకి రాలేదు.

రెండో ఆపరేషన్ నా ఉద్యోగం ఆఖరి వారంలో జరిగింది. వేరే సిస్టర్ని వేస్తారనుకున్నాను. సర్ నన్నే పిలిచారు. బల్ల మీద స్కేలూ, టేపూ, కత్తెరా పెట్టి ఉన్నాయి.

"కోయండి" అన్నారు.

నా బొటనవేలు గీత మీద పడింది. కత్తెర అలవాటు కొద్దీ అవతలకి పోతుంటే చేత్తో పట్టి ఆపినట్టు ఆపాను. వేలు తీసేసి, గీత మీద కోశాను. దాదాపు యాభై ఏళ్ళలో మొదటిసారి వేలు లేకుండా కోయడం. సర్ ఆ ముక్క స్కేలు మీద పెట్టారు, అందరూ చూసేలా. అయిదు. "ఇకనుంచి ఎవరు కోసినా ఇలాగే" అన్నారు. అప్పటి నుంచి అక్కడ అది రివాజు. మీలో ఎవరికైనా, స్కేలు మీద పెట్టి చూపించమంటే అవమానంగా అనిపిస్తే, దానికి కారణమైన మనిషిని నేనే. నన్ను తిట్టుకోండి, చూపించడం మాత్రం మానకండి.

లోపల జాలీ కింది అంచు గోడ నుంచి ఊడి మడత పడి ఉంది. సర్ పెద్దది వేశారు, రెండుసార్లు కొలిచి, పరిచాక అంచు కూడా కొలిచి. అయిపోయాక చేతులు కడుక్కునే చోట అడిగాను.

"మొదటిసారి నేను సరిగ్గా కోసి ఉంటే ఇది వచ్చేది కాదు కదా సర్?"

ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

"తెలీదు దీదీ. ఆమె బుట్ట ఎత్తింది. పాత కోత బలహీనం. సరిగ్గా కోసినా కొందరికి వస్తుంది."

ఆ 'తెలీదు' ఉంది చూశారూ, అదే నన్ను కూర్చోనివ్వదు. అవును అని ఉంటే ఒక మూల కూర్చుని ఏడ్చి లేచేదాన్ని. కాదు అని ఉంటే సుఖంగా నిద్రపోయేదాన్ని. వంటింటికీ వరండాకీ మధ్య నేను తిరుగుతున్నది ఆ మాటలోనే.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఆమె పొట్టలో జాలీ నిలిచింది, గంప తల మీదకి వచ్చింది. వారానికి రెండుసార్లు మా వీధికి వస్తుంది. మా పుట్టింట్లో చేప గడప తొక్కేది కాదు గానీ, మా ఆయన వైపు వాళ్ళకి చేప లేనిదే ముద్ద దిగదు. వీధిలో అందరికీ తూకం అయ్యాక ఒక చిన్న చేప పైన పడేస్తుంది. నా వంతు వచ్చేసరికి త్రాసు ముల్లు మధ్యలో నిలబడేదాకా వేసీ తీసీ చూస్తుంది. మొదటిసారి నేను గిన్నె అలాగే పట్టుకుని నిలబడితే పక్కింటావిడ నవ్వింది, సిస్టర్‌గారికి కొసరు మర్చిపోయావు అని.

"మర్సిపోనేదు" అంది ఆమె. "ఈవిడికి నేదు."

నేనూ ఎప్పుడూ అడగలేదు. సరిగ్గా కేజీ తీసుకుని గిన్నె లోపల పెట్టి వస్తాను. అప్పటికి ఆమె తల మీద గుడ్డచుట్ట సర్దుకుని, గంప ముందు నిలబడి ఉంటుంది. ఒక్కతే ఎత్తుకోకూడదు, ఎవరో ఒకరు రెండోవైపు పట్టాలి. పక్కింటావిడ ఉంటుంది, ఎదురింటి కోడలు ఉంటుంది. వాళ్ళనెవరినీ పిలవదు.

"రా సిస్టరమ్మా, ఎత్తు" అంటుంది.

నేను వంగి పట్టుకుంటాను. బరువు చాలావరకు నా వైపు లాక్కుని పైకి లేపుతాను. నా కళ్ళు ఆమె ముఖం మీద ఉండవు, పొట్ట మీద చీర కుచ్చిళ్ళ దగ్గర ఉంటాయి. ఆమెకి ఆ సంగతి తెలుసు. గంప తల మీద కుదురుకున్నాక, రెండు క్షణాలు ఊపిరి పట్టి చూసుకుని, "ఒగ్గీయ్" అంటుంది. ఆ మాట అనేదాకా నేను చెయ్యి తియ్యను.